పొత్తు టీవీ

కుల్చారం దగ్గరి ఒక పల్లెలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లల చేత అక్షరాలు దిద్దించిన యేసమ్మ పంతులమ్మ మీద ఊరంతా ఒక్కసారే కోపానికి వచ్చింది. అది డెబ్బై ఆరు నాటి సంగతి. కోపానికి కారణం టీవీ.

అంతకు ముందటేడు సర్కారు వాళ్లు లారీలో ఒక టీవీ తెచ్చి ఆమె బడిలో పెట్టారు. కోళ్ల గూటికి కట్టే జాలీతో పెద్ద గొడుగులాంటిది చేసి, బడి ముందర ఆకాశంకేసి తిప్పి నిలబెట్టారు. బొమ్మ ఉపగ్రహం నుంచి దిగుతుందని చెప్పారు. తాళంచెవి యేసమ్మ చేతికిచ్చి, ఇది ఒక్క ఏడాది పరీక్ష మాత్రమేనని కూడా చెప్పి వెళ్లారు. ఆ ఆఖరి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పొద్దుగూకితే చాలు, ఊరు ఊరంతా బడి ముందర చేరేది. పాలు పిండే వేళ దాటి బర్రెలు అరుస్తున్నా లేచేవాళ్లు కారు. యేసమ్మ తాళం తీసి, మీట తిప్పి, బొమ్మ కుదిరేదాకా పక్కనే నిలబడేది. ఆ బొమ్మల్ని తానే వండి వడ్డిస్తున్నంత సంబరంగా ఉండేది ఆమెకు.

ఏడాది తిరగ్గానే లారీ మళ్లీ వచ్చింది. టీవీని ఎక్కించుకుని, గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. మర్నాడు గాలయ్య అనే ముసలాయన పదిమందిలో ఆమెను నిలదీశాడు.

"పంతులమ్మా, డబ్బ ఎవలికి అమ్ముకున్నవ్?"

"నేనెందుకు అమ్ముత గాలయ్యా? ఏడాదే ఉంటదని ఆళ్లు ముందే చెప్పిండ్రు గద."

"మాకెవ్వలు చెప్పిండ్రు? తాళం నీ తాన ఉండె. లారీల ఎక్కిచ్చేటప్పుడు నువ్వే పక్కన నిలవడ్డవ్."

అప్పుడు జనార్దన్ అడ్డం వచ్చాడు. ఆ ఊరి పటేలింటి కొడుకు, యేసమ్మ దగ్గరే చదువుకున్నవాడు. అప్పటికే మెదక్‌లో ఎరువుల దుకాణం పెట్టాడు. "ఏం మాటలు గాలయ్యా అవి? టీచరమ్మ అసుంటిది గాదు. ఇంకోపారి అంటే మంచిగుండదు," అని గద్దించాడు. జనం సద్దుమణిగారు.

జనార్దన్ అంటే యేసమ్మకు మొదటినుంచీ ఒక మమకారం. చిన్నప్పుడు పెద్దిండ్ల పిల్లలు ఎవరి చెంబులో వాళ్లు నీళ్లు తెచ్చుకునేవారు. కిరస్తానీ పంతులమ్మ కుండ ముట్టేవాళ్లు కారు. జనార్దన్ ఒక్కడే మిట్టమధ్యాహ్నం బడి వెనకకు వచ్చి, ఆమె కుండలో నీళ్లు గటగటా తాగి మూతి తుడుచుకునేవాడు. "మా అమ్మకు చెప్పకు పంతులమ్మా" అనేవాడు. ఆమె చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చివరికి పెనిమిటికి కూడా చెప్పలేదు.

మరుసటేడు ఎండాకాలంలో, నల్లబల్ల మీద లెక్క రాస్తూ రాస్తూ యేసమ్మ కుప్పకూలింది. పక్షవాతం. మెదక్ దవాఖానలో కొన్నాళ్లుంచి పంపించారు. చెయ్యి కొంత తిరిగి వచ్చింది కాని ఎడమ కాలు రాలేదు. బడికి దండం పెట్టి, మెదక్ ఖిల్లా గుట్ట వాలులోనున్న తమ ఇంటికి వచ్చేసింది. పెనిమిటి ఏలీయా వడ్రంగి. తలుపులు, కిటికీలు, చర్చి బెంచీలు చేస్తాడు. పిల్లల్లేరు. ఇన్నేళ్లూ ఆమె పల్లెలో, ఆయన మెదక్‌లో. శనివారం బస్సుకు ఆమె వచ్చి సోమవారం పోయే కాపురం వాళ్లది. ఇప్పుడు రోజంతా ఒకే ఇంట్లో ఉండడం ఇద్దరికీ కొత్తే. ఏలీయా ఆమె మంచాన్ని కిటికీ పక్కన వేశాడు, గల్లీలో పోయేవాళ్లు కనబడతారని. గల్లీలో పోయేవాళ్లను ఎంతసేపని చూస్తుంది మనిషి!

ఆ ఏటి చివరికి హైదరాబాద్‌లో టీవీ కేంద్రం మొదలైంది. ఆ కబురు తెచ్చింది రెండిండ్ల అవతలి రిచర్డ్. రేడియోలు బాగు చేస్తాడు.

"అక్కా, మన గుట్ట వాలు హైదరాబాద్ దిక్కే ఉన్నది. పొడుగు స్తంభం ఏస్తే బొమ్మ దొరుకుతదని నాకనిపిస్తుంది. కింద బజార్ల మాత్రం దొరకది."

ఆ మాట యేసమ్మకు పట్టుకుంది. టీవీ కొనే తాహతు లేదు. కొనకుండా, దొంగతనంగా కాకుండా, ఇంట్లో టీవీ చూసే దారి ఏదైనా ఉందా అని మంచంలో పడుకునే వెతకడం మొదలుపెట్టింది. పల్లెల్లోంచి ఎత్తుకుపోయిన టీవీలు ఎక్కడో మూలన పడి ఉంటాయి కదా, ఒకటి అడుగుదామని ఏలీయాను సంగారెడ్డిలోని జిల్లా ఆఫీసుకు పంపింది. అవి వేరే రాష్ట్రాలకు పోయాయని చెప్పి పంపారు. కిరాయికి ఇచ్చే దుకాణాలు హైదరాబాద్‌లో ఉన్నాయట. కాని ఆ ఊరివాళ్లెవరైనా పూచీ ఉండాలన్నారు. పాత సామాన్లతో టీవీ కట్టగలవా అని రిచర్డ్‌ను అడిగింది. "అన్నీ దొరుకుతయి గని, బొమ్మ పడే గాజుబుడ్డి దొరకదక్కా. అదే టీవీ," అన్నాడు రిచర్డ్.

సరిగ్గా ఆ రోజుల్లోనే జనార్దన్ ఆమెను చూడవచ్చాడు. యాపిల్ పండ్లు తెచ్చాడు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"పరేషాన్ ఉన్న టీచరమ్మా. హైదరాబాద్ పోయి టీవీ తెచ్చిన. మా ఇల్లేమో లోతట్టుల పడ్డది. తెల్లారిందాక తిప్పినా గర్రుమంటదే గని బొమ్మ వస్తలేదు."

యేసమ్మ మోచేతి మీద లేచింది. "అయితే మా ఇంట్ల పెట్టు జనార్దనా. స్తంభం మా ఆయన లేపుతడు, పెట్టె గూడ మా ఆయననే చేస్తడు. పోస్టాఫీసుల టీవీ లైసెన్సు నా పేరు మీద తీస్త, దాని ఏడాది ఫీజు నేనే కడ్త. కరెంటు మాది. నువ్వు ఇంటిల్లిపాది రోజొచ్చి చూసిపో. డబ్బ నీది, జాగ మాది. పొత్తు."

"లైసెన్సు ఎందుకు టీచరమ్మా? ఎవలు తీస్తుండ్రు? ఇంతదూరం ఎవడొచ్చి చూస్తడు?"

"ఎవడొచ్చి చూసినా చూడకపోయినా లైసెన్సు లేంది నా ఇంట్ల పెట్ట. ఒకపారి టీవీ దొంగ అనిపిచ్చుకున్న, సాలు."

జనార్దన్ నవ్వి, "సరే, నీ ఇష్టం. గంతకంటె ఏం గావాలె నాకు!" అన్నాడు. ఏలీయా ఇచ్చిన చాయ్ తాగి లేచాడు. అతను వెళ్లాక ఏలీయా నసిగాడు.

"పెద్దోళ్లతోని పొత్తు వద్దే యేసమ్మా. రేపు ఏమన్న అయితే మాట మనమే పడాలె."

"అందరసుంటోడు గాదు ఈ పిలగాడు," అంది యేసమ్మ.

పని మొదలుపెట్టాక మాత్రం ఏలీయా మనసు పెట్టే చేశాడు. టేకు చెక్కతో పెట్టె చేసి, ముందు పక్క ఇటూ అటూ జరిగే తలుపులు పెట్టాడు. నీళ్లగొట్టాలు ఒకదానిలో ఒకటి దిగేసి స్తంభం లేపాడు. రిచర్డ్ పైకెక్కి యాంటెన్నా తిప్పుతుంటే, యేసమ్మ మంచంలోంచి కేకలు పెట్టింది. "జర ఎడమకు! ఇంకా... ఆగు ఆగు! పాయె! మళ్ల ఎనకకు తిప్పు!" చివరికి నువ్వులు చల్లినట్టున్న తెర మీద ఒక ఆడమనిషి వార్తలు చదువుతూ కనిపించింది. యేసమ్మ కళ్లు తుడుచుకుంది. పల్లె బడిలో టీవీ అందరిదీ. ఇది ఆమె గదిలో, ఆమె మంచం ఎదుట ఉంది.

ఆ తరువాత ఏడాదికి పైగా ఆ ఇల్లు మస్తు కళగా ఉంది. సాయంత్రం కాగానే జనార్దన్, అతని భార్య నిర్మలమ్మ, పిల్లలు వచ్చేవాళ్లు. నిర్మలమ్మ తన చాప తాను తెచ్చుకునేది, నీళ్ల చెంబు కూడా తెచ్చుకునేది. యేసమ్మ అది చూసీ చూడనట్టు ఊరుకునేది. జనార్దన్ మాత్రం అడిగి మరీ చాయ్ పెట్టించుకునేవాడు. గల్లీలోని ఆగమ్మ, ఆమె కోడళ్లు కిటికీ బయట నిలబడి చూసేవాళ్లు. పొలం పనుల కార్యక్రమం వచ్చినప్పుడు యేసమ్మ వాళ్లకు అర్థమయ్యేలా విడమర్చి చెప్పేది. మళ్లీ పంతులమ్మ అయినట్టుండేది.

డెబ్బై తొమ్మిదిలో రైతుల సొసైటీకి ఎలక్షన్లు వచ్చాయి. జనార్దన్ అధ్యక్షుడిగా నిలబడ్డాడు. గుట్ట వాలులోని గల్లీల్లో చాలామందికి పల్లెల్లో ఎంతో కొంత చెలక భూమి ఉంది. వాళ్లందరికీ సొసైటీలో ఓట్లు ఉన్నాయి. ఒక పగటిపూట, మైకు కట్టిన జీపు వచ్చి యేసమ్మ ఇంటి మూల మలుపులో ఆగింది. జనం మూగారు. జనార్దన్ గొంతు వినబడగానే ఆమె సంతోషంగా కిటికీ వైపు తిరిగింది.

మొదట ఎరువుల గురించి చెప్పాడు, అప్పుల గురించి చెప్పాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"ఈ గల్లీలనే మంచం పట్టిన పేదరాలు ఒకామె ఉన్నది. పేరు యేసమ్మ. ఇదివరకు మా ఊళ్లె ఉండేది. ఆమె గోస సూడలేక, నా పెండ్లం పిల్లలు సూస్కునే టీవీ తీస్కొచ్చి ఆమెకు దానమిచ్చిన. నేను కులం పట్టింపు ఉన్నోన్ని గాదు. ఇయ్యాల్టికి గూడ ఆళ్లింట్ల చాయ్ తాగుత. మా అమ్మకు తెల్వకుండ చిన్నప్పుడే ఆమె కుండల నీళ్లు తాగిన. అబద్ధమైతే అడుగుండ్రి, గదో, ఆ కిటికీల ఉన్నది!"

చప్పట్లు కొట్టారు. తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. పరదా లాగుకుందామంటే యేసమ్మ చెయ్యి అందలేదు. అందరూ చూస్తుండగా అట్లాగే ఉండిపోయింది.

దానం అన్న మాట తగిలింది. పేదరాలు అన్న మాటా తగిలింది. కాని ఆమె ఎదురుచూసిన మాట వేరు. మా పంతులమ్మ అంటాడని, ఈమె దగ్గరే చదువుకున్నానంటాడని ప్రతి వాక్యం చివరా చెవి ఒగ్గింది. జీపు కదిలిపోయేదాకా ఆ మాట రాలేదు. ఇన్నేళ్లు కడుపులో దాచిన పసివాడి రహస్యాన్ని మాత్రం వాడు మైకులో పెట్టి గల్లీకంతా పంచిపెట్టాడు.

సాయంత్రం జనార్దన్ ఎప్పటిలాగే వచ్చాడు. నిర్మలమ్మ, పిల్లలు ఊళ్లో ప్రచారంలో ఉన్నారట. ఏలీయా ఇంకా పనినుంచి రాలేదు.

"ఏం జనార్దనా, దానమిచ్చినవా?"

అతను నవ్వేశాడు. "మైకుల మాట మైకులనే టీచరమ్మా. ఎలక్షన్లల్ల అందరు చెప్తరు. నువ్వు మనసుల పెట్టుకోకు."

"మరి నీళ్ల ముచ్చట? అది గూడ ఉత్తుత్తదేనా?"

"అది నిజమే గద! నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

"నిజమే. నిజమే గనుకనే అడుగుతున్న. మీ అమ్మకు చెప్పకుమంటివి, ఎవలికి చెప్పకపోతి. నువ్వే చెప్పుకున్నవ్. పోనీ. నా తాన చదువుకున్నవని ఎందుకు చెప్పలే?"

జనార్దన్ కాసేపు గడప వైపు చూశాడు. అతను సిగ్గుపడుతున్నాడనుకుని ఆమె మనసు కొంచెం కరిగింది కూడా. తీరా అతను తల ఎత్తి, పసిపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"అది చెప్తే ఏమొస్తది టీచరమ్మా? ఓటొస్తదా?"

అతను లేచి టీవీ పెట్టి, వార్తలు చూసి, వెళ్లొస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు చాయ్ అడగలేదు, ఆమె కూడా తాగుమనలేదు.

ఆ రాత్రి యేసమ్మ బాగా ఆలోచించింది. జనార్దన్ మీద నమ్మకం పోయింది, ఇక రాదు. కాని టీవీ సంగతి వేరు. డబ్బా అతనిదైతే స్తంభం ఏలీయాది, పెట్టె ఏలీయాది, లైసెన్సు తనది. పొత్తులో తన వాటా తనకుంది. వాడు మైకులో దానమన్నంత మాత్రాన అది దానమైపోదు. తను టీవీ తిప్పి పంపితే, దానాన్ని తిప్పి పంపినట్టవుతుంది. వాడి మాటను తానే నిజం చేసినట్టవుతుంది. కాబట్టి టీవీ ఇక్కడే ఉంటుంది. వాడు వస్తే వస్తాడు, చూస్తే చూస్తాడు. ఈ సంగతి ఏలీయాకు నిదానంగా చెప్పాలనుకుంది.

చెప్పే వ్యవధి దొరకలేదు. మర్నాడు ఏలీయా కట్టెల డిపోకు పోయాడు. అక్కడ కూర్చున్నవాళ్లు, "ఏం ఏలీయా, దానం టీవీల బొమ్మ మంచిగొస్తుందా?" అని నవ్వారు. ఒకడు, "మాకు గూడ మంచం పట్టిన పెండ్లాముంటే బాగుండు," అన్నాడు. ఏలీయా కొన్న చెక్క అక్కడే వదిలేసి, ఒక తోపుడుబండి కిరాయికి తీసుకుని ఇంటికి వచ్చాడు. వస్తూనే టీవీ వైర్లు పీకాడు.

"ఏం జేస్తున్నరు?" అంది యేసమ్మ.

"ఆని దానం ఆని మొకాన కొడ్త."

"ఆగుండ్రి. జర నా మాట ఇనుండ్రి. అది దానం గాదు, పొత్తు. మనమెందుకు..."

"పొత్తా? నేను ముందే చెప్పలే? ఇన్నవా? ఈ పిలగాడు అందరసుంటోడు గాదంటివి!"

"అన్న. తప్పే అన్న. గని ఇప్పుడు తియ్యకుండ్రి. నేను చెప్తున్న, తియ్యకుండ్రి."

ఆయన వినలేదు. ఆమె మంచంలోంచి చెయ్యి చాచి ఆయన అంగీ పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు కాని, ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఆ చెయ్యి దానంతటదే జారిపోయింది. పెట్టెతో సహా టీవీని ఎత్తి బండి మీద పెట్టుకున్నాడు. తన చేత్తో చేసిన టేకు పెట్టె అని కూడా చూడలేదు. గల్లీ పొడవునా జనం చూస్తుంటే నెట్టుకుంటూ వెళ్లి, జనార్దన్ దుకాణం ముందర దించాడు. తిరిగి వచ్చి మిద్దె ఎక్కి స్తంభం కూడా విప్పేశాడు. దిగి వచ్చినప్పుడు ఆయన మొహంలో గెలిచిన కళ ఉంది.

"మన ఇజ్జత్ మనకు దక్కింది," అన్నాడు.

యేసమ్మ ఖాళీ అయిన గోడ వైపే చూస్తూ చెప్పింది. "ఆయనకు ఓట్లు గావాలె, నా పేరు మైకుల పెట్టిండు. నన్ను అడిగిండా? అడగలే. మీకు ఇజ్జత్ గావాలె, నా డబ్బ బండి మీద పెట్టిండ్రు. నన్ను అడిగిండ్రా? కాలు పడ్డదాన్ని, లేచి అడ్డం రాలేననే గద ఇద్దరికి ధైర్యం!"

ఏలీయా మంచం దగ్గరకు వచ్చాడు. "గట్లనకు యేసమ్మా," అన్నాడు.

ఎలక్షన్లలో జనార్దన్ గెలిచాడు. ఏలీయా కోపాన్ని కూడా అతను వాడుకున్నాడు. ఇచ్చిన దానాన్ని తిప్పి పంపేలా ఎదుటి పార్టీవాళ్లే ఎగదోశారని రెండు ఊళ్లలో చెప్పాడట. తరువాత మిద్దె మీద ఇనుప స్తంభం వేయించుకుని, లోతట్టులోనే ఎలాగో బొమ్మ తెప్పించుకున్నాడు. పంతులమ్మ ఇంటి దిక్కు మళ్లీ రాలేదు. కిటికీ దగ్గర సాయంత్రాలు బోసిపోయాయి. "పెద్దోళ్లతోని లొల్లి పెట్టుకుంటే మనకే నష్టమాయె," అని ఆగమ్మ రెండు మూడుసార్లు యేసమ్మకు వినబడేలాగే అంది.

ఏలీయా ఊరుకోలేదు. రిచర్డ్‌ను వెంటపెట్టుకుని హైదరాబాద్ పోయాడు. రైల్వేలో పని చేసే రిచర్డ్ మేనమామ ఈమధ్యే అక్కడికి బదిలీ అయ్యాడు. ఆయన పూచీ ఉంటే, ఒక దుకాణం వాళ్లు చిన్న టీవీని కిరాయికి ఇచ్చారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, పసిపాపను తెచ్చినట్టు తెచ్చాడు ఏలీయా. స్తంభం మళ్లీ లేపాడు. మునుపటి బొమ్మే మళ్లీ వచ్చింది, కొంచెం చిన్నదిగా.

"సూడు యేసమ్మా," అన్నాడు ఎంతో ఆశగా.

"సూస్తున్న," అంది.

చూసింది కూడా. ప్రతి సాయంత్రం చూసేది. టీవీని ఆమె కాదనుకోలేదు. ఆగమ్మ కోడళ్లు మళ్లీ కిటికీ దగ్గరకు వస్తే పరదా తానే తీయించింది. కాని పొలం పనుల గురించి మునుపటిలా విడమర్చి చెప్పడం మానేసింది. ఎవరైనా అడిగితే, "ఆళ్లే చెప్తుండ్రు గద, ఇనుండ్రి," అనేది.

జనార్దన్ మీద కోపం ఏడాదిలో చల్లారింది. ఒకసారి బజారులో అతను ఏలీయాను పలకరించి, టీచరమ్మ ఎట్లున్నదని అడిగాడట. ఏలీయా వచ్చి చెబితే, యేసమ్మ ఎవరో దూరపు మనిషి గురించి విన్నట్టు విని ఊరుకుంది. చేయి జారిన అంగీ మాత్రం ఆమె మరిచిపోలేదు. బయటివాడు మోసం చేస్తే మనిషి ఇంట్లోకి వచ్చి ఏడుస్తుంది. ఇంట్లోవాడే చేస్తే ఏడవడానికి ఆమెకు వేరే గది లేదు.

ఏలీయా మంచివాడే. ఆ రోజు తర్వాత ఆయనకొక అలవాటు పట్టుకుంది. ఏ పని చేయబోయినా ముందు మంచం దగ్గరకు వచ్చి నిలబడి అడుగుతాడు. "యేసమ్మా, తలుపు ముయ్యాల్నా? దీపం తగ్గియ్యాల్నా? ఇయ్యాల పప్పు ఎయ్యాల్నా, చారు పెట్టాల్నా?" చిన్న చిన్న వాటికి కూడా అడుగుతాడు. ఆమె కొన్నిసార్లు చెబుతుంది. కొన్నిసార్లు వినబడనట్టు కిటికీలోంచి గల్లీకేసి చూస్తూ ఉంటుంది. ఆయన అట్లాగే నిలబడి ఉంటాడు.